టైర్ల స్కిడ్ స్టీర్ నుంచి కాంపాక్ట్ ట్రాక్ లోడర్‌కు మారేవారికి: టెక్సస్ నల్లరేగడిలో పనిచేసే పద్ధతి

ఉత్తర టెక్సస్‌లో రెడ్ నది దగ్గర మొదలై డాలస్, వేకో, ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల తెలుగువారికి కొత్తది కాదు. మట్టి శాస్త్రం ఈ నేలను వర్టిసాల్ అనే వర్గంలో చేర్చింది. మన జిల్లాల్లో పత్తి పండే నల్లరేగడి కూడా ఆ వర్గానిదే. ఎండకు లోతుగా నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బి బంకలా పట్టుకుంటుంది. డాలస్ చుట్టుపక్కల ఇళ్ళ స్థలాలు చదును చేయడం, డ్రైవ్‌వేకు మట్టి తీయడం, ఎకరాల్లో పెరిగిన మెస్కీట్, సెడార్ చెట్లను తొలగించడం వంటి పనులను టైర్ల స్కిడ్ స్టీర్‌తో (ముందు బకెట్ ఉండి, రెండు పక్కల చక్రాల వేగాల తేడాతో మలుపు తిరిగే చిన్న లోడర్‌తో) చేస్తున్నవారు, మే నెల వానల్లో బండి ఇరుసుల దాకా దిగబడిన రోజున, చక్రాలకు బదులు రబ్బరు ట్రాకుల మీద నడిచే ట్రాక్ లోడర్ గురించి ఆలోచించడం మొదలుపెడతారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరికోతలు చూసినవారికి ఈ తేడాను వివరించి చెప్పనక్కరలేదు. పొలం ఆరి ఉంటే టైర్ల యంత్రం, తడిగా ఉంటే చైన్ యంత్రం అని అక్కడ రైతులే తేల్చుకుంటారు, చైన్ యంత్రానికి గంటకు ఎక్కువ అద్దె అయినా చెల్లిస్తారు.

అయితే ఈ మార్పును టైర్లు తీసి ట్రాకులు వేసుకోవడంగా మాత్రమే చూసినవారు ఏడాది తిరిగేసరికి అండర్‌క్యారేజీ (ట్రాకులూ, వాటిని తిప్పి మోసే చక్రాలూ ఉన్న కింది భాగం) బిల్లు చూసి కంగారు పడతారు. ట్రాక్ లోడర్ నేలను కాపాడుతుంది, కానీ దాని అండర్‌క్యారేజీని కాపాడే బాధ్యత నడిపేవారి మీద పెడుతుంది. కొనే ముందు చూడవలసిన లెక్కలు, మోసుకెళ్ళే ట్రెయిలర్, మలుపు తిప్పే తీరు, సాయంత్రం బండి ఆపాక చేసే పని, గంటకు వసూలు చేసే రేటు కూడా దానితోపాటే మారాలి. ఈ వ్యాసం వాటి గురించే.

ముందుగా, మారవలసిన అవసరం ఉందా

స్కిడ్ స్టీర్ పుట్టిన చోటు గుర్తుంటే ఈ ప్రశ్నకు జవాబు సులభమవుతుంది. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు, టర్కీ కోళ్ళ కొట్టంలో స్తంభాల మధ్య తిరుగుతూ పెంట ఎత్తిపోసే చిన్న లోడర్‌ను తయారు చేశారు. ఆ యంత్రం హక్కులను మెల్రో కంపెనీ తీసుకుంది, ఆ వంశంలోని యంత్రాలే తరువాత బాబ్‌క్యాట్ పేరుతో ప్రసిద్ధికెక్కాయి. అంటే ఈ యంత్రం మొదటినుంచీ ఇరుకు చోట, గట్టి నేల మీద, ఉన్నచోటే తిరగడానికి పుట్టింది. ఈనాటికీ దాని బలం అదే. మీ పనిలో సగానికి మించి కాంక్రీటు పగలగొట్టడం, తారు మీద ప్యాలెట్లు మోయడం, గోదాముల్లోనూ పశువుల కొట్టాల్లోనూ శుభ్రం చేయడం అయితే టైర్ల బండినే ఉంచుకోండి. గట్టి గరుకు తలాల మీద ట్రాకు రబ్బరు ఎంత వేగంగా అరుగుతుందో చూస్తే లాభం అంతా అక్కడే పోతుందని అర్థమవుతుంది. సున్నపురాయి పైకి తేలిన కొండ ప్రాంతాల్లో, పదునైన కంకర నిండిన చోట్ల ఎక్కువ పని ఉన్నవారు కూడా తొందరపడకూడదు, ఎందుకంటే రాతి అంచు ట్రాకును కోస్తే లోపలి ఉక్కు తీగలకు తేమ చేరి తుప్పు పడుతుంది.

మధ్యేమార్గం ఒకటి ఉంది. ఉన్న టైర్ల మీదుగా చుట్టే ట్రాకులు, ఉక్కువీ రబ్బరువీ, విడిగా దొరుకుతాయి. ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే బురదలో దిగవలసి వచ్చేవారికి అవి చాలు. టైరుకూ బండి శరీరానికీ మధ్య తగినంత ఖాళీ ఉందో లేదో చూసుకుని మాత్రమే వాటిని కొనాలి. ముళ్ళకు టైర్లు పంక్చరవుతున్నాయన్నదే మీ బాధ అయితే ఫోమ్ నింపిన టైర్లు కూడా ఒక పరిష్కారమే. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన చెట్టు కాబట్టి దాని ముల్లు ఎలాంటిదో తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

వాన వెలిసిన తరువాత రోజుల తరబడి పని ఆగిపోతుంటే, పచ్చిక మీద టైరు గాడులు పడి ఇంటివారితో మాట పడవలసి వస్తుంటే, చదును చేసిన నేల బండి ఊగిసలాటకు అలలు అలలుగా తయారవుతుంటే మాత్రం ట్రాక్ లోడర్ వైపు వెళ్ళవలసిందే. నిర్ణయానికి ముందు ఒక బండిని అద్దెకు తెచ్చుకుని, మీ సొంత పనిలో, మీ సొంత నేల మీద, కుదిరితే తడి ఉన్న రోజుల్లో నడిపి చూడండి. డీలరు ఆవరణలో చదునైన కంకర మీద నడిపి చూస్తే మీకు కావలసిన సంగతి ఏదీ తెలియదు.

లెక్కలు చదివే తీరు

టైర్ల బండి బరువంతా నాలుగు చిన్న చదరాల మీద నిలుస్తుంది. బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు బరువులో దాదాపు 70 శాతం వెనక ఇరుసు మీదా, నిండా ఎత్తినప్పుడు దాదాపు అంతే ముందు ఇరుసు మీదా పడుతుంది. అందువల్ల నేల మీద ఒత్తిడి సాధారణంగా 30 పీఎస్‌ఐ దాకా, అంటే చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల పైగా ఉంటుంది. ఇప్పుడు 4,500 కిలోల ట్రాక్ లోడర్‌ను తీసుకోండి. ట్రాకు వెడల్పు 40 సెంటీమీటర్లు, నేలను తాకే పొడవు 150 సెంటీమీటర్లు అనుకుంటే రెండు ట్రాకుల కింద 12,000 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం వస్తుంది. బరువును దీనితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 0.375 కిలోలు, అంటే 5 పీఎస్‌ఐ పైచిలుకు మాత్రమే. బండి బరువు పెరిగినా నేల మీద ఒత్తిడి ఆరో వంతుకు తగ్గడానికి కారణం ఇదే. అయితే ఇది బరువు సమంగా పరుచుకున్నప్పటి లెక్క. బకెట్ నిండా ఎత్తితే బరువు ముందు రోలర్ల (ట్రాకు లోపల బండి బరువు మోసే చిన్న చక్రాల) కిందికి చేరుతుంది, అక్కడ ఒత్తిడి దీనికి ఎన్నో రెట్లు అవుతుంది. పైగా, లోతు పొరలు గట్టిపడటం మొత్తం బరువు మీద కూడా ఆధారపడి ఉంటుంది కాబట్టి పైన గాడి పడలేదని లోపల నేల అణగలేదని అనుకోకూడదు.

స్పెసిఫికేషన్ కాగితంలో అందరూ మొదట చూసేది రేటెడ్ ఆపరేటింగ్ కెపాసిటీ, అంటే బండి సురక్షితంగా ఎత్తగల బరువు అనే అంకె. ఇక్కడే చాలామంది తికమక పడతారు. టైర్ల స్కిడ్ స్టీర్‌కు ఈ అంకెను బండి ముందుకు ఒరిగే బరువులో 50 శాతంగా లెక్కిస్తారు, ట్రాక్ లోడర్‌కు మాత్రం 35 శాతంగా లెక్కిస్తారు. ఒరిగే బరువు 3,000 కిలోలే అయినప్పటికీ టైర్ల బండి కాగితం మీద 1,500 కిలోలనీ, ట్రాక్ బండి కాగితం మీద 1,050 కిలోలనీ ఉంటుంది. కొందరు తయారీదారులు ట్రాక్ లోడర్‌కు 35 శాతం అంకె పక్కనే 50 శాతం అంకెను కూడా ముద్రిస్తారు. రెండు బండ్లను పోల్చేటప్పుడు ఒరిగే బరువుతో ఒరిగే బరువునే పోల్చండి. లేకపోతే అవసరానికి మించిన పెద్ద బండిని కొనడమో, మోయలేని ప్యాలెట్‌ను ఎత్తబోవడమో జరుగుతుంది.

రెండో అంకె సహాయక హైడ్రాలిక్స్ ప్రవాహం, అంటే ముందు తగిలించే పరికరాలను నడిపే ఆయిల్ ప్రవాహం. మామూలు ప్రవాహం చాలా బండ్లలో నిమిషానికి 65 నుంచి 95 లీటర్ల మధ్య, హై ఫ్లో ఉన్నవాటిలో 115 నుంచి 150 లీటర్ల మధ్య ఉంటుంది. చెట్లను నుగ్గు చేసే మల్చర్ వాడాలనుకుంటే హై ఫ్లో తప్పనిసరిగా కావాలి. అంతేకాక మల్చర్ మోటారు నుంచి ఆయిల్ తిరిగి వెళ్ళే కేస్ డ్రెయిన్ గొట్టానికి బండిలో కనెక్షన్ ఉందో లేదో చూడాలి.

అటాచ్‌మెంట్ల విషయంలో ఊరట ఏమిటంటే, ఈ తరగతి యంత్రాలన్నింటిలో దాదాపుగా ఒకే ప్రామాణిక క్విక్ అటాచ్ పలక ఉంటుంది కాబట్టి పాత బకెట్లు, ఫోర్కులు, ఆగర్లు (గుంతలు తవ్వే బరమాలు) కొత్త బండికీ తగులుతాయి. విద్యుత్ ప్లగ్గులో పిన్నుల సంఖ్య మాత్రం ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. బకెట్ వెడల్పును కూడా కొలిచి చూసుకోండి. అది రెండు ట్రాకుల వెలుపలి అంచుల మధ్య దూరం కన్నా తక్కువైతే, తవ్వినప్పుడు ట్రాకు అంచు తవ్వని మట్టి మెట్టు ఎక్కి నడుస్తుంది. చదును చెడిపోవడమే కాక ట్రాకు పక్క అంచు కూడా చీలుతుంది. పాత టైర్ల బండి బకెట్ సరిపోకపోవడం మామూలే కనుక కొత్త బకెట్ ఖర్చును ముందే లెక్కలో చేర్చుకోవాలి.

ట్రెయిలర్, లైసెన్సు

అదే తరగతిలో ట్రాక్ లోడర్ టైర్ల బండి కన్నా అర టన్ను లేదా అంతకన్నా ఎక్కువ బరువు తూగుతుంది. ఈ అర టన్ను అమెరికా రోడ్ల మీద చాలా తేడా తెస్తుంది. లాగే ట్రక్కు, ట్రెయిలర్ రెండింటి బరువు రేటింగుల మొత్తం 26,001 పౌండ్లు లేదా ఆపైన ఉండి, అందులో ట్రెయిలర్ రేటింగు 10,000 పౌండ్లు దాటితే, వ్యాపార పనికి ఆ బండిని నడిపేవారికి క్లాస్ ఏ కమర్షియల్ లైసెన్సు ఉండాలన్నది ఫెడరల్ నియమం. 14,000 పౌండ్ల ట్రెయిలర్‌ను 11,500 పౌండ్ల రేటింగు ఉన్న పికప్‌తో లాగితే మొత్తం 25,500 అవుతుంది కాబట్టి గీత దాటరు. అదే ట్రెయిలర్‌ను 14,000 పౌండ్ల పికప్‌కు తగిలిస్తే దాటిపోతారు. ఇక్కడ లెక్కకు వచ్చేది తలుపు మీదా ట్రెయిలర్ పలక మీదా ముద్రించిన రేటింగు. ఆ రోజు మోసిన బరువు తక్కువని చెప్పి తప్పించుకోలేరు. బండి, బకెట్, మల్చర్, ట్రెయిలర్ సొంత బరువు అన్నీ కూడి చూశాకే ఏ బండి కొనాలో తేల్చుకోండి.

కట్టే పద్ధతి కూడా మారుతుంది. 10,000 పౌండ్లు, అంటే సుమారు 4,536 కిలోలు లేదా అంతకు మించిన ట్రాకుల యంత్రాన్ని కనీసం నాలుగు గొలుసులతో నాలుగు మూలల దగ్గర బిగించాలి, ఒక్కో గొలుసు పని సామర్థ్యం 5,000 పౌండ్లకు తగ్గకూడదు. బకెట్‌ను దించి, దాన్ని కూడా కట్టాలి. రబ్బరు ట్రాకు తడి ఇనుప ర్యాంపు మీద జారుతుంది కాబట్టి బురద గీకిన తరువాతనే, ర్యాంపుకు తిన్నగా, నెమ్మదిగా ఎక్కించాలి. ర్యాంపు మధ్యలో దిశ సరిచేయబోవడం ప్రమాదకరం. కిందికి దిగి, తిన్నగా నిలబెట్టి, మళ్ళీ ఎక్కించడమే మేలు.

పాత బండి కొనేవారు వంగి చూడవలసినవి

ట్రాక్ లోడర్ నిర్వహణ ఖర్చులో పెద్ద వాటా అండర్‌క్యారేజీదే. అందువల్ల పాత బండి చూడటానికి వెళ్ళినప్పుడు క్యాబిన్‌నూ రంగునూ చూసే సమయంలో సగమైనా ట్రాకుల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గడపాలి. వెనక ఉన్న స్ప్రాకెట్ (ట్రాకును తిప్పే పళ్ళ చక్రం) పళ్ళు సమంగా ఉన్నాయా, లేక ఒక పక్కకు కొక్కేల్లా వంగి సన్నబడ్డాయా చూడండి. వంగిన పళ్ళ మీద కొత్త ట్రాకు వేస్తే ఆ పళ్ళు కొత్త ట్రాకును కూడా త్వరగా తినేస్తాయి. రోలర్ల దగ్గర ఆయిల్ కారిన మరక ఉందా, ఏదైనా రోలర్ తిరగకుండా ఒక వైపు చదునుగా అరిగిందా, ట్రాకు మళ్ళే ముందు ఐడ్లర్ చక్రం అంచు సన్నబడిందా గమనించండి. ట్రాకు లోపలి వైపు గైడ్ లగ్గులు (ట్రాకు పక్కకు జారకుండా పట్టే దిమ్మెలు) ఊడిపోయాయా, బయట కోతల్లోంచి ఉక్కు తీగలు కనిపిస్తున్నాయా చూడాలి. ఒక ట్రాకు కొత్తది, రెండోది పాతది అయితే ఎందుకలా జరిగిందో అడగండి. రెండు వైపులా అరుగుదల సమంగా లేని బండి తిన్నగా నడవదు.

టైర్ల బండి నిర్వహణకు అలవాటుపడినవారికి ఇక్కడ ఒక కొత్త భాగం ఎదురవుతుంది. చాలా టైర్ల స్కిడ్ స్టీర్లలో హైడ్రాలిక్ మోటారు శక్తి చైన్‌కేసులోని గొలుసుల ద్వారా చక్రాలకు చేరుతుంది. ట్రాక్ లోడర్‌లో ఆ గొలుసులు ఉండవు. ఒక్కో వైపు మోటారు, ప్లానెటరీ గేర్లు కలిసిన ఫైనల్ డ్రైవ్ నేరుగా స్ప్రాకెట్‌ను తిప్పుతుంది. దానిలో విడిగా గేర్ ఆయిల్ ఉంటుంది. అమ్మేవారి అనుమతితో ప్లగ్గు విప్పి ఆ ఆయిల్‌ను వేలికి అద్దుకుని చూస్తే లోహపు తళుకు ఉందో లేదో తెలుస్తుంది. తళుకు కనిపిస్తే ఆ బండిని వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే, ఎందుకంటే ఫైనల్ డ్రైవ్ మార్పిడి ఖర్చు చాలా పెద్దది.

ట్రాకు అడుగు నమూనా కూడా చూడాలి. అడ్డపట్టీలు వెడల్పుగా, లోతుగా ఉన్నవి బంకమట్టిని విదిలించుకుంటాయి. పెద్ద దిమ్మెల నమూనా గట్టి నేల మీద ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ రేగడిలో సందులు పూడిపోయి నున్నటి చక్రంలా తయారవుతుంది. సన్నని పట్టీలు దగ్గర దగ్గరగా ఉన్నవి పచ్చిక మీద పనికి మంచివి. నల్లరేగడిలో ఎక్కువ పని ఉన్నవారికి నేను మొదటి రకాన్నే సూచిస్తాను.

నడిపే తీరు

చేతిలో లీవర్లు అవే అయినా అలవాట్లు మార్చుకోవాలి. మొదటిది మలుపు. టైర్ల బండిని ఉన్నచోటే గిర్రున తిప్పడం అందరికీ అలవాటు. ట్రాక్ లోడర్‌ను అలా తిప్పితే, నేలను తాకే పొడవు ఎక్కువ కాబట్టి రెండు చివరలూ మట్టిని పక్కకు దొర్లించి గుట్టలు వేస్తాయి, పచ్చిక చాపలా లేచిపోతుంది, ట్రాకు గైడ్ లగ్గుల మీద పక్క ఒత్తిడి పడుతుంది. దీనికి బదులు ముందుకు కొంత, వెనక్కు కొంత నడుపుతూ మూడు దఫాలుగా తిరగాలి. తిరిగేటప్పుడు కూడా ఒక ట్రాకును పూర్తిగా ఆపకుండా రెండింటినీ వేర్వేరు వేగాలతో కదిలిస్తూ ఉంటే నేల మీద గుర్తులు చాలా తగ్గుతాయి. మొదటి కొన్ని వారాలు ఇది సమయం వృథా అనిపిస్తుంది. పచ్చికను మళ్ళీ పరిచి ఇవ్వవలసి వచ్చిన ఖర్చుతో పోలిస్తే ఆ సమయం ఏమీ కాదు.

రెండోది తోసే బలం. టైర్ల బండి మట్టి గుట్టలోకి దూసుకుపోయినప్పుడు ఒక హద్దు దాటాక చక్రాలు జారేవి. ఆ జారుడు కరెంటు మీటరులో ఫ్యూజ్ లాగా బండిని కాపాడేది. ట్రాకులు అంత సులువుగా జారవు కాబట్టి ఆ బలమంతా లిఫ్ట్ ఆర్ముల మీదికీ, పిన్నుల మీదికీ, బకెట్ అంచు మీదికీ వెళుతుంది. చెట్టు మొద్దును బకెట్ ఒక మూలతో పెకలించడం, పాతిన కాంక్రీటును ఒకే దెబ్బకు లేపబోవడం మానేయాలి. బకెట్‌ను నేలకు గట్టిగా ఒత్తి బండి ముందు భాగాన్ని పైకి లేపి నడపడం కూడా మంచిది కాదు, ఎందుకంటే అప్పుడు బరువంతా చివరి రోలరు మీద పడుతుంది.

మూడోది వెనక్కు నడపడం. స్ప్రాకెట్ వెనక ఉండటం వల్ల ముందుకు వెళ్ళేటప్పుడు అది ట్రాకు కింది భాగాన్ని మాత్రమే బిగించి లాగుతుంది. వెనక్కు వెళ్ళేటప్పుడు పై భాగాన్నంతా ఐడ్లర్ చుట్టూ బిగించి లాగుతుంది, కింద వెనక మూల వదులవుతుంది. భారంతో వెనక్కు ఎక్కువసేపు లాగితే అరుగుదల పెరుగుతుంది, ట్రాకు వదులుగా ఉంటే పళ్ళు దాటి దూకుతుంది. చదును చేసేటప్పుడు బకెట్‌తో వెనక్కు గీకే పని తప్పదు. దాన్ని పలుచని పొరలకు పరిమితం చేసి, మట్టిని కదిపే పెద్ద పనిని ముందుకు తోస్తూ చేయాలి.

వాలు మీద బరువైన కొస ఎప్పుడూ ఎత్తు వైపు ఉండాలి. బకెట్ నిండా ఉంటే ముఖం ఎత్తుకు పెట్టి ఎక్కాలి, దిగేటప్పుడు వెనక్కు దిగాలి. బకెట్ ఖాళీ అయితే బరువు వెనక ఉంటుంది కాబట్టి వెనక్కు ఎక్కి, ముఖం పల్లానికి పెట్టి దిగాలి. వాలుకు అడ్డంగా నడిచే పనిని వీలైనంత తగ్గించి, నిలువుగా కిందికీ పైకీ చేసేలా పనిని ముందే పథకం వేసుకోండి. అడ్డంగా వెళ్ళక తప్పనప్పుడు అక్కడ మలుపు తిప్పకూడదు. ట్రాకు ఊడిపోయే సంఘటనలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. మట్టి దిబ్బ శిఖరం దాటేటప్పుడు బండి పొడవైన పలకలా ఒక క్షణం తూగి ఒక్కసారిగా ముందుకు పడుతుంది, కాబట్టి అక్కడ వేగం పూర్తిగా తగ్గించాలి. రోడ్డు అంచు దిమ్మెను ఏటవాలుగా కాక నేరుగా ఎక్కాలి, వీలైతే చెక్క దుంగ వేసి ఎక్కాలి. ట్రాకు సగం దిమ్మె మీదా సగం గాలిలోనూ ఉండేలా దాని వెంబడి నడిపితే లోపలి ఉక్కు భాగాల దగ్గర రబ్బరు పగుళ్ళు మొదలవుతాయి.

టైర్ల బండి ఉన్నప్పుడు పక్క వీధిలోని పనికి రోడ్డు మీదే నడుపుకుంటూ వెళ్ళిపోయేవారు ఇప్పుడు ట్రెయిలర్ ఎక్కించాలి. తారు మీద హై స్పీడులో చాలాసేపు నడిపితే ట్రాకు, రోలర్లు వేడెక్కి వాటి ఆయుష్షు తగ్గుతుంది.

ఇక తడి నేల. ట్రాక్ లోడర్ తడిలోకి వెళ్ళగలదు కాబట్టి వాన వెలిసిన మర్నాడే పనికి దిగాలన్న ఉబలాటం కలుగుతుంది. ఈ విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. పచ్చి రేగడిని బకెట్‌తో కదిపితే అది మెత్తగా అణిగి, గుల్లతనం పోయి, ఆరాక ఇటుకలా గట్టిపడుతుంది. దాని మీద పచ్చిక వేళ్ళు దిగవు, నీళ్ళు ఇంకవు. తడిలో సామాను చేరవేయడం, రాయి పరవడం వంటి పనులు చేసుకోండి. చదును పని, తోటకు మట్టి తయారుచేసే పని మాత్రం పిడికెడు మట్టి తీసి పిసికితే ముద్దలా అంటుకోకుండా పొడిగా విడిపోయేదాకా ఆగండి. ఇంకో సంగతి: టైర్ల బండి దిగబడితే త్వరగా దిగబడుతుంది, గట్టి నేలకు దగ్గరగానే ఆగుతుంది. ట్రాక్ లోడర్ బురదలోకి చాలా లోపలికి వెళ్ళాక పొట్ట ఆని ఆగుతుంది, దాన్ని లాగడానికి మరింత పెద్ద యంత్రం కావాలి. ట్రాకులు తిరుగుతున్నా బండి కదలకపోతే వెంటనే ఆపి ఆలోచించండి. తవ్వే పని ఏదైనా సరే, అమెరికాలో ముందుగా 811కు ఫోను చేసి భూమిలోని గ్యాసు, కరెంటు లైన్లకు గుర్తులు వేయించుకోవడం మరువకూడదు.

రోజువారీ సంరక్షణ

సాయంత్రం బండి ఆపిన తరువాత అరగంట అండర్‌క్యారేజీకి కేటాయించండి. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు పారతో ఊడి వస్తుంది, తెల్లవారేసరికి ఎండి రాయిలా మారి రోలర్లను తిరగనివ్వదు. తిరగని రోలర్ ఒక వైపే అరుగుతుంది. సన్నని పారతో రోలర్ల మధ్యా, స్ప్రాకెట్ చుట్టూ, ట్రాకు ఫ్రేము పైనా పేరుకున్న మట్టిని గీకి తీసి, తరువాత నీళ్ళతో కడగాలి. ప్రెషర్ వాషర్ ధారను సీళ్ళ మీదికి నేరుగా కొట్టకూడదు. చలికాలంలో మంచు గడ్డకట్టే రాత్రి ముందుంటే ఈ పని అసలు వాయిదా వేయకూడదు. మల్చింగ్ చేసినవారు రేడియేటరు, ఇంజను గది, పొట్ట కింది పలక దగ్గర చేరిన ఎండు పొట్టును గాలితో ఊది తీసేయాలి. సెడార్ ఆకు పొట్టు వేడి ఎగ్జాస్టు దగ్గర అంటుకుంటుంది, కాబట్టి అగ్నిమాపక సిలిండర్ క్యాబిన్‌లో చేతికి అందేలా ఉండాలి.

ట్రాకు బిగువు చూడటం టైరు గాలి చూడటం కన్నా ముఖ్యమైన పని. బండిని చదునైన చోట ఆపి, మాన్యువల్ చూపిన పద్ధతిలో నేల నుంచి లేపి, చూపిన చోట్ల జాక్ స్టాండ్లు పెట్టాలి. హైడ్రాలిక్స్ మీద మాత్రమే లేచి ఉన్న బండి కిందికి చేయి పెట్టకూడదు. మధ్య రోలరుకూ ట్రాకు లోపలి తలానికీ మధ్య వేలాడే దూరాన్ని స్కేలుతో కొలవండి. చాలా బండ్లలో ఇది 15 నుంచి 25 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, కానీ మీ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకెనే పాటించాలి. వదులైతే ట్రాకు ఊడుతుంది, పళ్ళు దాటి దూకుతుంది. మరీ బిగువైతే ఇంజను శక్తి వృథా అవుతుంది, ఐడ్లర్ బేరింగులూ ఫైనల్ డ్రైవ్ సీళ్ళూ త్వరగా పోతాయి. సందులన్నీ బంకమట్టితో పూడిపోయినప్పుడు ట్రాకు దానంతట అదే బిగుసుకుంటుంది కనుక శుభ్రం చేశాకే కొలవాలి.

బిగించడానికి గ్రీజు గన్నుతో టెన్షన్ సిలిండర్‌లోకి గ్రీజు ఎక్కిస్తారు, వదులు చేయడానికి ఆ వాల్వును కొద్దిగా విప్పుతారు. ఆ గ్రీజు చాలా ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. వాల్వుకు ఎదురుగా ముఖం పెట్టకుండా పక్కన ఉండి, నెమ్మదిగా, మాన్యువల్ చెప్పినన్ని చుట్లు మాత్రమే విప్పాలి, పూర్తిగా ఎప్పుడూ ఊడదీయకూడదు. గ్రీజు చర్మంలోకి దూరితే నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కొత్త ట్రాకులు వేసిన తరువాత మొదటి రోజుల్లో బిగువు తరచుగా మారుతుంది, కాబట్టి అప్పుడు రోజూ చూడటం అవసరం.

ఫైనల్ డ్రైవ్ ఆయిల్ మొదటిసారి మార్చే గడువు తక్కువగా ఉంటుంది, తరువాతి గడువులు ఎక్కువగా ఉంటాయి. ఆ మొదటి మార్పును వదిలేయకండి, కొత్త గేర్ల నుంచి రాలిన లోహపు పొడి బయటికి వెళ్ళేది అప్పుడే.

ఖర్చు, రేటు, పాత బండి

రబ్బరు ట్రాకుల జతకు అమెరికాలో పరిమాణాన్ని, నాణ్యతను బట్టి రెండు వేల నుంచి ఐదు వేల డాలర్ల దాకా అవుతుంది. జాగ్రత్తగా నడిపితే 1,200 నుంచి 1,600 గంటల దాకా రావచ్చు. రాళ్ళ మీద, నిర్లక్ష్యంగా నడిపితే అందులో సగమూ రాకపోవచ్చు. ఉదాహరణకు 3,600 డాలర్ల జత 1,200 గంటలు వచ్చిందనుకుంటే గంటకు మూడు డాలర్లు ట్రాకులకే పక్కన పెట్టాలి. రోలర్లు, ఐడ్లర్లు, స్ప్రాకెట్లకు వేరే మొత్తం వేసుకోవాలి. ఈ లెక్కను కొన్న రోజు నుంచే గంట రేటులో కలపండి. టైర్ల బండి రేటుకే ట్రాక్ లోడర్‌ను పంపడం మొదలుపెడితే, ట్రాకులు మార్చే రోజున ఆ డబ్బు చేతిలో ఉండదు. వాన తరువాత పనికి దిగగలగడం, పచ్చిక చెడకుండా పని ముగించడం కోసం ఎక్కువ రేటు ఇవ్వడానికి ఇంటివారు సిద్ధంగానే ఉంటారు. ఆ తేడాను కొటేషన్‌లో ఒక వాక్యంలో రాసి ఇవ్వండి.

పాత స్కిడ్ స్టీర్‌ను వెంటనే అమ్మేయాలా అంటే, వాయిదాల భారం తట్టుకోగలిగితే ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచేదాకా ఉంచుకోమని నా సలహా. అప్పటికి మీ పనుల్లో ఎన్ని గంటలు తారు, కాంక్రీటు మీద గడిచాయో పని పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ గంటలు బండి వాయిదా, ఇన్సూరెన్సు ఖర్చును మోయగలిగితే రెండూ ఉంచుకోండి. మోయలేకపోతే గట్టి నేల పని వచ్చినప్పుడు టైర్ల బండిని అద్దెకు తెచ్చుకుని పాతదాన్ని అమ్మేయండి. అమ్మేటప్పుడు ఫోర్కులు, ఆగర్, గ్రాపుల్ (దుంగలను పట్టి ఎత్తే పరికరం) వంటి అటాచ్‌మెంట్లను దానితోపాటు ఇచ్చేయకుండా, కొత్త బండికి తగిలించి పనిచేయించి చూసి, అవసరం లేనివాటిని మాత్రమే వేరుగా ధర కట్టి ఇవ్వండి.